అనూరుని సారథ్యము

(వికలాంగుల సేవకై యేర్పడిన యొక సంఘముయొక్క వార్షిక సభలో గావించిన యుపన్యాసము)



ఆదిపర్వము విన్నవారందరకు వినత కథ తెలియును. సవతియైన కద్రువకు ముందుగా సంతానము కలిగెనన్న తొందరలో ఆమె తన యండములలో నొకదానిని గడువునకు ముందే చిదిపెను. అందుండి తొడలు లేని కుమారుడు పుట్టెను. ఆతని దేహమునకు కలిగిన లోపము ఆతని వలన కలిగినది కాదు. పెద్దల యోరిమిలేమి వలన కలిగినది. ఆ మాటను ఆతడు తల్లికి మొగము మీదనే చెప్పెను; శపించెను గూడ. కథ అంతటితో ముగిసియుండినచో అది వట్టి దుఃఖకథ యైయుండెడిది. కాని ముగియలేదు. ఆ యనూరుడు సూర్యునకు సారథి యయ్యెను. లోకము ఆతనిని జూచి నిట్టూర్చి, పిడికెడు బియ్యము దోసిట బోసి పంపివేయలేదు. కాళ్లు లేనివానికి రథము నిచ్చెను. రథముతోపాటు పగ్గములను చేతికిచ్చెను. నాటినుండి ప్రతిదినమును తెల్లవారుట ఆతని రాకయే యని మన పూర్వులు భావించిరి. అరుణోదయమని మనము నిత్యము పలుకు మాటలో ఆ తొడలు లేనివాని పేరే యున్నది.

ఈ కథలో మూడు మాటలు కలవు. లోపమునకు బాధ్యులు వేరొకరు. లోపమును దాటుటకు సాధనము దొరికెను. సాధనముతోపాటు పనియు, పదవియు దొరికెను. నేడు నేను చెప్పబోవునదంతయు ఈ మూడు మాటలకు వ్యాఖ్యానము మాత్రమే.

మొదటి మాటను ముందు విచారింతము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలయందు మన దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులని తేలెను. వారిలో నడకకు, కదలికకు సంబంధించిన లోపము గలవారు సుమారు 54 లక్షలు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు అన్ని విధముల వికలాంగులును కలిసి 22 లక్షల 66 వేలమంది. ఈ సంఖ్యలను విని, ఇది వారి కర్మమని తల పంకించువారు మనలో నేటికిని గలరు. అయ్యా! పోలియో వ్యాధి ఎవరి కర్మము? రెండు చుక్కల మందు వేళకు నోట బడకపోవుటచేత ఈ దేశమున లక్షలాది పసిబిడ్డల కాళ్లు చచ్చుబడెను. ఆ చుక్కలు ఇల్లిల్లు తిరిగి వేసిననాడు వ్యాధి తొలగెను. 2011 జనవరిలో బయల్పడినది మన దేశపు కడపటి కేసు. 2014 మార్చి 27న భారతదేశము పోలియో రహితమని ప్రకటింపబడెను. వేయి సంవత్సరముల కర్మము ఒక తరమువారి పూనికతో మాసిపోయెనన్నచో, అది కర్మము కాదు, మన యలసత్వమని తేలుటలేదా? ఆ పూనిక రాకముందు పుట్టినవారు మాత్రము నేటికిని మన నడుమ ఉక్కుకడ్డీల క్యాలిపరులతో, చంకకర్రలతో నడచుచునే యున్నారు. మనము ఆలస్యము చేసినందులకు వెల వారు చెల్లించుచున్నారు. నేడు పోలియో పోయి చక్కెరవ్యాధి వచ్చినది. రహదారి ప్రమాదములు పెరిగినవి. పాదమున స్పర్శ నశించినవాడు చిన్న పుండును గమనింపడు. గమనించునప్పటికి కాలు తీయవలసివచ్చును. ఇందును పెక్కు కాళ్లు ముందుజాగ్రత్తచే నిలుచునవే. కనుక వికలాంగునకు మనము చేయునది దయాధర్మమని గర్వించుటకు ముందు, అందెంత భాగము బాకీ తీర్చుటయో లెక్క వేసికొనుట మంచిది.

ఇక రెండవ మాట, సాధనము. కన్ను మందగించినవాడు కండ్లద్దములు పెట్టుకొనును. వానిని మనము వికలాంగుడని యనము; జాలిపడము. అద్దము వాని కంటిలో భాగమైపోయినది. కాలు లేనివానికి కృత్రిమ పాదము, నడుము క్రింద చచ్చుబడినవానికి చక్రాల కుర్చీ, దూరము పోవలసినవానికి మూడు చక్రాల బండి, ఇవియు అట్టివే. అవి యున్నచో బడి యున్నది, కొలువున్నది, అంగడి యున్నది, గుడి యున్నది, చుట్టపు చూపున్నది. అవి లేనిచో ఇంటి యరుగే లోకము. 2011 లెక్కలలోనే 5 మొదలు 19 ఏండ్ల లోపు వికలాంగ బాలబాలికలలో బడికి గాని, కళాశాలకు గాని పోవుచున్నవారు నూటికి సుమారు 61 మంది మాత్రమే. తక్కినవారి బుద్ధికి లోపమా? కాదు. బుద్ధి యింటిలో గూర్చున్నది. బడి వీధి చివర నున్నది. ఆ రెంటి నడుమ సాధనము లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థయు, బాలల నిధియు కలిసి 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము లోకమున 250 కోట్లమందికి ఏదో యొక సహాయక సాధనము కావలసియుండగా, వారిలో సుమారు 100 కోట్లమందికి అది యందుబాటులో లేదు. సంపన్న దేశములలో కొన్నింట కావలసినవారిలో నూటికి 90 మందికి దొరకుచుండగా, బీద దేశములలో కొన్నింట నూటికి ముగ్గురికి మాత్రమే దొరకుచున్నది. వెల యొక్కటే యిందులకు కారణము కాదు. ఒక దేశపు నేలకు తగినది మరియొక దేశపు నేలకు తగదు. ఈ సంగతిని లోకమునకు విస్పష్టముగా బోధించినది మన దేశమే.

ఆ వృత్తాంతము జయపురమున 1968 ప్రాంతమున జరిగినది. సవాయి మాన్‌సింగ్ వైద్యశాలలో ప్రమోద్ కరణ్ సేఠీ యను ఎముకల శస్త్రవైద్యుడుండెను. కాలు పోయినవారికి ఆనాడు పాశ్చాత్య పద్ధతిలో చేసిన పాదము లమర్చుచుండిరి. వాని లోపల కొయ్య, కీలు కదలదు, బూటు తొడుగక నడువరాదు. బూట్లతో కుర్చీలపై గూర్చుండి, నున్నని బాటలపై నడుచువారికి అవి బాగుగనే యుండెను. కాని మన రైతు బురదలో దిగి నారు నాటవలెను. మన యిల్లాలు పొయ్యి ముందర గొంతుక కూర్చుండవలెను. భోజనము నేలమీద, పూజ నేలమీద, నిద్ర నేలమీద. గుడిలోనికి బూటుతో పోరాదు. ఇట్టివారు ఆ విదేశీ పాదమును తీసికొనిపోయి, మూలబెట్టి, మరల చంకకర్రలే పట్టుచుండిరి. వైద్యునకు ఈ సంగతి తెలిసినది, ఉపాయము తోచలేదు.

ఉపాయము తోచినవాడు రామచంద్రశర్మ. ఆతడు డాక్టరు కాదు, ఇంజనీరు కాదు. చేతిపనిలో నారితేరిన శిల్పి. బడి చదువు కొద్ది. వ్రేళ్ల చదువు మెండు. వైద్యశాలలో రోగులకు చేతిపనులు నేర్పుచు, వారి యవస్థను దినదినము చూచుచుండెను. ఒకనాడు తన సైకిలు చక్రములో గాలి పోగా మరమ్మతు కొట్టుకు వెళ్లి, అక్కడ లారీ టైరునకు రబ్బరు వేసి కాచి అతుకుట చూచి, ఈ రబ్బరుతో పాదము నేల చేయరాదని యాలోచించెనని చెప్పుదురు. మడమకును, ముంజేతివలె వంగవలసిన ముందు భాగమునకును మెత్తని రబ్బరు, చీలమండ కడ కొయ్య, అన్నిటిమీద చర్మపు రంగు రబ్బరు తొడుగు; మనుష్యపాదపు అచ్చులో నుంచి కాచుట; ఇదియే జయపుర పాదము. అది అన్ని వైపులకు కొంత వంగును. నీట తడియును, చెడదు. బూటు నపేక్షింపదు. దానితో గొంతుక కూర్చుండవచ్చును, పొలమున దిగవచ్చును, చెట్టెక్కవచ్చును. కాలిగొట్టమును మొదట అల్యూమినియముతో చేసిరి. తరువాతి కాలమున పొలములకు నీరు పారించు ప్లాస్టికు గొట్టములనే వేడిచేసి, మొండికాలి అచ్చుపై లాగి తొడిగి చేయ నేర్చిరి.

సోదరులారా! స్వదేశి యనగా విదేశపు వస్తువును ద్వేషించుట యని కొందరి యభిప్రాయము. స్వదేశి యనగా మన నేలను, మన యింటిని, మన కూర్చుండు రీతిని ఎరిగి చేసిన వస్తువని ఈ పాదము చెప్పుచున్నది. వైద్యుని విద్యయు, శిల్పి చేతియు ఒక్క బల్లపై కలిసినప్పుడే యది పుట్టినది. విద్య కలవాడు పనివానిని దూరముంచిన దేశమున ఇది చిన్న విషయము కాదు. డాక్టరు సేఠీకి 1981లో రామన్ మెగసేసే పురస్కారము లభించెను. ఆతడు దాని కర్హుడే. కాని రామచంద్రశర్మ పేరు మనలో నెంతమంది యెరుగుదురు? ఈ సభనుండి యింటికి పోవునప్పుడు ఆ పేరును గూడ జ్ఞాపకముంచుకొనుడని నా ప్రార్థన.

ఆ పాదము తెలుగువారికి ఒక నర్తకి మూలమున పరిచితమైనది. సుధాచంద్రన్ అను బాలిక 1981లో ప్రమాదమున గాయపడి కుడికాలు పోగొట్టుకొనెను. జయపుర పాదమును ధరించి, నొప్పిని భరించి, మరల నాట్యమభ్యసించి రంగమెక్కెను. ఆమె కథయే 1985లో ‘మయూరి’ యను తెలుగు చిత్రముగా వచ్చెను. నాయికగా ఆమెయే నటించెను. సింగీతము శ్రీనివాసరావుగారు దర్శకులు. ఆ చిత్రమును జూచి కన్నీరు పెట్టని తెలుగిల్లు లేదు. కాని నేనొక మాట మనవి చేసెదను. కన్నీరు పెట్టినవారిలో నెందరు తమ వీధిలోని కుంటిపిల్ల బడికి పోవుచున్నదా యని విచారించిరి? నాట్యము చేసిననే ఆదరింతుమన్నచో, నాట్యము రానివారి గతి యేమి? కాలు లేనివారందరును అద్భుతములు చేయనక్కరలేదు. సామాన్యముగా లేచి, సామాన్యముగా నడచి, సామాన్యముగా బ్రదుకుటకు వారికి అవకాశముండిన చాలును.

పాదమును కనుగొనుట ఒకటి, పదిమంది కందించుట మరియొకటి. జయపుర పాదము పుట్టిన మొదటి యేడేండ్లలో దానిని పొందినవారు పదుల సంఖ్యలోనే యుండిరి. 1969లో దేవేంద్రరాజ్ మెహతా యను ప్రభుత్వోద్యోగి ప్రమాదమునకు లోనై, కాలు తీసివేయవలసివచ్చునేమో యన్న స్థితికి వచ్చి, ఎట్లో బయటపడెను. తనకు వైద్యము కొనుటకు శక్తి కలదు; లేనివారి సంగతి యేమని మంచముపై నాలోచించిన ఫలముగా, మహావీరుని 2500వ నిర్వాణోత్సవముల సందర్భమున 1975లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి యేర్పడెను. కృత్రిమాంగములు, క్యాలిపరులు, చంకకర్రలు, బండ్లు మొదలగువాటి నన్నిటిని కలిపి యిరువది లక్షలమందికి పైగా సాయము చేసితిమని ఆ సమితి లెక్క. ధర యడుగదు. కులమడుగదు. ఎన్ని లక్షలిచ్చెనన్నదానికంటె ఎట్లిచ్చెనన్నది నాకు ముఖ్యముగా తోచుచున్నది. దూరమునుండి వచ్చిన బీదవాడు ఏ వేళ వచ్చినను చేర్చుకొందురు. వానికి, వానితో వచ్చినవానికి భోజనము, వసతి. వాని మొండికాలి కొలత తీసి, వాని యెదుటనే చేసి, తొడిగి, నడిపించి పంపుదురు. ప్రాకుచు వచ్చినవాడు చాలవరకు ఆ దినముననే నడచి పోవును. పలుమారులు తిప్పినచో ఆ బీదవాడు బండి ఖర్చులకే చితికిపోవునని వారు గ్రహించిరి. దానము తెలిసిన చేయి యనగా అది.

ఇప్పుడు మన మాట. ముందుగా నా మాట చెప్పుకొనవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట మా పట్టణమున చందాలు పోగుచేసి ఇరువది మూడు చక్రాల బండ్లు పంచితిమి. ఆ సంఘమున నేనును ఒకడను. పందిరి వేసితిమి, దండలు తెప్పించితిమి. ముఖ్యాతిథి వచ్చుటకు మూడు గంటలాలస్యమైనది. అంతవరకు ఆ యిరువది మందిని ఎండలో వరుసగా కూర్చుండబెట్టితిమి. బండ్ల వెనుక దాతల పేర్లు పెద్ద యక్షరములతో వ్రాయించితిమి. ఛాయాచిత్రములు తీయించుకొంటిమి. మరుసటి యేడు నేనొక పల్లెకు పనిమీద పోయి, ఆ యిరువది మందిలో నొక కుర్రవాని యిల్లు వెదకుకొని వెళ్లితిని. బండి పశువుల పాకలో నున్నది. గొలుసు తెగి వ్రేలాడుచున్నది. ముందు చక్రము టైరు చీలినది. కూర్చుండు పీటపై కోడి గ్రుడ్లు పొదుగుచున్నది. దాత పేరు మాత్రము చెక్కుచెదరలేదు.

ఆ కుర్రవాని తల్లి నన్ను నిందింపలేదు. "బండి మంచిదే బాబూ. రెండు నెలలకే గొలుసు తెగింది. బాగుచెయ్యాలంటే పట్నం తీసుకుపోవాలి. దీన్ని తీసుకుపోడానికి ఇంకో బండి కట్టాలి" అన్నది. కుర్రవాడు మెల్లగా మరియొక మాట చెప్పెను. బండిని త్రిప్పు పిడి కుడివైపున నున్నది. వానికి బలమున్నది ఎడమచేతిలో. ఇచ్చునాడు ఏ చేయి బలమని మేము వానినడుగలేదు. వాని యింటినుండి పెద్దవీధికి వచ్చుటకు మురుగుకాలువ దాటవలెను. దానిపై రెండడుగుల బండ వేసియున్నది. బండి వెడల్పు అంతకు మించినది. ఆ బాటను మేము చూడలేదు. మేము చూచినది పందిరిని. వానికి మేము చేసినది దానమని చెప్పుటకు నాటినుండి నాకు నోరు రాలేదు.

అందుచేతనే తగు రీతిని తెలిసికొన గోరితిని. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో చక్రాల కుర్చీల విషయమై బీద దేశములకు మార్గదర్శకములు వెలువరించి, ఇచ్చు పద్ధతికి ఎనిమిది మెట్లు చెప్పినది. అవసరము గలవానిని గుర్తించి రప్పించుట మొదటిది. వాని దేహమును, ఇంటిని, పనిని, బాటను పరీక్షించుట రెండవది. వానికేది తగునో వానితో కలిసి నిర్ణయించుట మూడవది. ధనము సమకూర్చి తెప్పించుట నాలుగవది. సాధనమును సిద్ధపరచుట ఐదవది. కూర్చుండబెట్టి కొలతకు సరిచేయుట ఆరవది. దానిని వాడుట నేర్పుట ఏడవది. మరమ్మతు చేయుచు, మరల మరల విచారించుచుండుట ఎనిమిదవది. యోగమునకు అష్టాంగములున్నట్లు ఈ దానమునకును అష్టాంగములున్నవి. మేము చేసినది నాలుగవది యొక్కటే. ఏడంగములు లేని దానమును చేసి, అంగము లేనివానిని ఉద్ధరించితిమని వేదికనెక్కితిమి!

ఈ మెట్లు పండితుల చాదస్తము కాదు. వెన్ను దెబ్బతిన్నవానికి నడుము క్రింద స్పర్శ యుండదు. కుర్చీ కొలతకు సరిపడక, కూర్చుండుచోట తగిన మెత్త లేక, తరచుగా దేహమును పైకెత్తి యొత్తిడి తీయవలెనని యెవరును నేర్పక, గంటలకొలది యొకే తీరున కూర్చుండినచో చర్మము నలిగి పుండు పడును. నొప్పి తెలియదు గనుక పుండు లోతునకు పోవును. చీముపట్టి ప్రాణమునకే ముప్పు తెచ్చును. మంచిదని యిచ్చిన కుర్చీయే ప్రాణాపాయమగును. బిడ్డల విషయము మరింత సున్నితము. బిడ్డ పెరుగును, కృత్రిమ పాదము పెరుగదు. నేడు సరిపోయినది ఏడాది తిరుగునప్పటికి పొట్టియగును, బిగుతగును. బలవంతముగా దానినే తొడిగినచో నడక వంకర పోవును, నడుము గుంజును, తుదకు బిడ్డ దానిని విసర్జించి ప్రాకుటకు మరలును. కనుక బిడ్డకు ఒకమారు పాదమిచ్చుట యనగా, వాడు పెరిగి పెద్దవాడగువరకు ఇచ్చుచుందుమని మాట యిచ్చుట. ఆ మాట నిలుపుకొనలేనివారు, నిలుపుకొనగల సంస్థకు ఆ బిడ్డను చేర్చి, రానుపోను ఖర్చులు భరించినను అది గొప్ప పుణ్యము.

ఇక్కడ కొందరు మిత్రులొక యాక్షేపము చేయుదురు. ఇదంతయు ప్రభుత్వము చేయవలసిన పని. చందాలతో సంఘములు చేసినచో ప్రభుత్వమునకు బాధ్యత తప్పును. వికలాంగునకు కావలసినది హక్కు, భిక్ష కాదు అని వారి వాదము. ఈ వాదమున సత్యము గలదు. కాన్పూరున కృత్రిమాంగముల కర్మాగారమును 1972లో నెలకొల్పినది ప్రభుత్వమే. సాధనముల కొనుగోలునకు సహాయపథకము 1981 నుండి నడచుచున్నది. 2006నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశము 2007లో ధ్రువపరచినది. అందలి 20వ అధికరణము స్వయముగా కదలుటను హక్కుగా చెప్పుచున్నది. 1995నాటి శాసనము ఏడు విధముల లోపములనే గుర్తింపగా, 2016నాటి వికలాంగుల హక్కుల శాసనము ఇరువదియొక్క విధములను గుర్తించినది. నిర్ణీత పరిమాణము మించిన లోపము గల విద్యార్థులకు పదునెనిమిదేండ్లు వచ్చువరకు పుస్తకములను, తగిన సహాయక సాధనములను ఉచితముగా నీయవలెనని ఆ శాసనముననే యున్నది. ఈ మాటను బడిపిల్లల తల్లిదండ్రులు చక్కగా చెవిని బెట్టుకొనవలెను. మీరు చేయి చాపి వేడవలసినది కాదు. చేయి చూపి యడుగవలసినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024 జూలైలో వికలాంగుల పింఛనును నెలకు 3,000 నుండి 6,000 రూపాయలకు పెంచెను. ఇవి హర్షింపదగినవే.

కాని శాసనము కాగితమున నున్నంతకాలము మెట్ల క్రింది మనిషి మెట్ల క్రిందనే యుండును. సర్వోన్నత న్యాయస్థానము 2024 నవంబరులో నిచ్చిన తీర్పును జూడుడు. భవనములు, వాహనములు వికలాంగులకు అందుబాటులో నుండవలెనన్న నియమములు వట్టి సలహాలుగా నున్నవి, తప్పనిసరి విధులుగా లేవని కనుగొని, తప్పనిసరి ప్రమాణములను చేయుడని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించెను. ఆ తీర్పునకు ఆధారమైన పరిశోధనా నివేదికను సమర్పించినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రము. ఇది తెలుగునాటికి గౌరవకారణము. కాని చిత్రమేమనగా, ఆ తీర్పు ప్రతిని చదువుకొనుటకు మన పట్టణపు గ్రంథాలయమునకు చక్రాల కుర్చీలో పోగోరువానికి ద్వారము కడ నాలుగు మెట్లడ్డము!

కనుక ఆక్షేపించు మిత్రులకు నా సమాధానమిది. హక్కును ప్రభుత్వమునుండి రాబట్టుడు. ఆ పోరాటములో మేమును మీ వెంట వత్తుము. కాని గొలుసు తెగిన బండికి గొలుసు వేయుటకు పార్లమెంటు కదలి రానక్కరలేదు. ప్రభుత్వము చేయగలది యొకటి, పొరుగువాడు చేయగలది యొకటి. పొరుగువాడు చేయవలసినది చేసిన ఊరిలోనే ప్రభుత్వమును అడుగగల గొంతులు పుట్టును. ఇంటినుండి కదలలేనివాడు అర్జీ యెట్లు పెట్టును?

ఈ సంఘము ముందు నాలుగు సూచనలుంచి విరమించెదను.

మొదటిది: వచ్చు సంవత్సరమున క్రొత్త బండ్లు పంచుటకు ముందు, ఇంతవరకు పంచినవాటిని వెదకుదము. పల్లె పల్లెకు పోయి, ఏ బండి నడచుచున్నదో, ఏది పాకలో నున్నదో పట్టిక వ్రాయుదము. సగము ధనముతో పాతవి బాగుచేసిన, క్రొత్తవి పంచినదానికంటె ఎక్కువమంది కదలుదురని నా నమ్మకము.

రెండవది: మండలమునకొక మరమ్మతు శాల. దీనికి మేడలక్కరలేదు. ప్రతి యూరను సైకిలు కొట్టు కలదు, కమ్మరి గలడు, వడ్రంగి గలడు, చెప్పులు కుట్టువాడు గలడు. రామచంద్రశర్మ యట్టివారలలో నుండియే వచ్చెను. వారికి కొలదిపాటి శిక్షణ యిప్పించి, గొలుసులు, టైరులు, చంకకర్రల రబ్బరు టోపీలు, క్యాలిపరు తోలుపట్టీలు నిలువయుంచి, కూలి సంఘము చెల్లించిన చాలును. చంకకర్ర చివర రబ్బరు టోపీ అరిగి జారిపడి, ఉన్న యొక్క కాలును విరుగగొట్టుకొన్నవారు గలరు. ఆ టోపీ ఖరీదు ఒక పూలదండ ఖరీదుకంటె తక్కువ.

మూడవది: వాలుబాట. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు, ఇది లెక్క. అంతకంటె నిటారుగా కట్టినచో కుర్చీలోనివాడు ఎక్కలేడు, దిగునపుడు పడును. చూపులకు మాత్రము కట్టిన వాలుబాటలు మన కచేరీల ముందర పెక్కు గలవు. వాని చివర తాళము వేసిన తలుపులును గలవు. మన బడి, మన గుడి, మన గ్రంథాలయము, ఈ మూటికి ఈ సంవత్సరము మనమే వాలుబాటలు కట్టుదము. బండితోపాటు బాటయు దానములో భాగమే.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ వేదికను జూడుడు. వికలాంగుల సేవాసంఘపు వేదిక యిది. ఇందు కూర్చుండిన మాలో ఒక్కడును వికలాంగుడు కాడు. ఏ చేయి బలమని యడుగుట మేము మరచుటకు కారణమిదియే. అడుగవలసినవారు క్రింద కూర్చుండిరి. సంఘపు కార్యవర్గములో సగము స్థానములు వారికీయవలెను. ఏది కొనవలెనో, ఎవరికీయవలెనో, ఎట్లు చేయవలెనో వారు నిర్ణయింతురు. మనము చందాలు తెత్తుము. దాతల పేర్లు బండ్లపై వ్రాయుట మానుదము. తన కాలిపై పరుని పేరు వ్రాసికొని తిరుగుట కెవడిష్టపడును? పంపిణీ వేళ ఛాయాచిత్రములును మానుదము. తీసికొన్నవాడు నడుచుచుండగా ఊరు చూచును. అంతకంటె మంచి చిత్రమక్కరలేదు.

సోదరీసోదరులారా! అనూరుని రథమునకు ఒక్కటే చక్రమని పురాణము. మనము మూడు చక్రముల బండ్లిచ్చియు ఒక్కనిని పెద్దవీధికి తేలేకపోతిమి. కారణము చక్రముల లెక్కలో లేదు. దేవతలు అనూరునకు రథమునిచ్చి, తాము పగ్గములు పట్టుకొని, ఆతనిని వెనుక కూర్చుండబెట్టి యూరేగింపలేదు. పగ్గములాతని చేతికిచ్చి, తాము నమ్మి వెనుక కూర్చుండిరి. ఆ నమ్మకమే సారథ్యము. మన పల్లెలలో అరుగులమీద, పాకల ప్రక్కన, తలుపుల వెనుక ఎందరో యనూరులు తెల్లవారుటకై చూచుచున్నారు. గొలుసు తెగిన బండి యొకటి మా పొరుగు పల్లెలో నున్నదని చెప్పితిని గదా. పోయిన నెలలో దానిని బాగుచేయించి, పిడిని ఎడమవైపునకు మార్పించి, మురుగుకాలువపై బండను వెడల్పు చేయించితిమి. ఆ కుర్రవాడిపుడు పెద్దవీధిలో కూరగాయలు అమ్ముచున్నాడు. ఈ యుదయము సభకు బయలుదేరునప్పుడు నేను వానికడ వంకాయలు కొంటిని. చిల్లర లెక్కించి యిచ్చుచు, "ఆలస్యమవుతోంది, వెళ్లండి" అని వాడే నన్ను తొందరపెట్టెను.